సున్నపు గోడల సంగతి: కొరాపుట్, రాయగడ ప్రాంతాల పాత కట్టడాలు, వాటి పరిరక్షణ

కొరాపుట్ జిల్లాలో జయపురానికి పడమరగా, రామగిరి అడవుల్లో, శబరీ నది ఒడ్డున గుప్తేశ్వర క్షేత్రం ఉంది. శివలింగం ఉన్నది సున్నపురాతి గుహలో. లింగం కాలక్రమాన పెరుగుతున్నదని భక్తుల విశ్వాసం. ఈ విశ్వాసాన్ని తేలికగా తీసివేయనవసరం లేదు. వాన నీరు గాలిలోనూ మట్టిలోనూ ఉండే బొగ్గుపులుసు వాయువును తనలో కలుపుకొని సున్నపురాతిలోకి ఇంకుతుంది. ఆ రాతిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. గుహ కప్పు నుండి బొట్టుబొట్టుగా కారేటప్పుడు ఆ వాయువును తిరిగి గాలిలోకి వదిలి, కరిగించిన సున్నపురాతిని అక్కడే పేరుస్తుంది. రాయి కరగడం, మళ్ళీ రాయి కావడం అనే ఈ వ్యవహారం గుహల్లో వేల ఏళ్ళపాటు సాగుతుంది. మన పూర్వులు కట్టిన సున్నపు గోడల్లో అదే వ్యవహారం కొన్ని నెలల్లో, కొన్ని ఏళ్ళలో జరుగుతుంది. ఈ వ్యాసం ఆ గోడల గురించి.

ఈ ప్రాంతం గురించి ముందు రెండు మాటలు చెప్పాలి. ఇప్పటి కొరాపుట్, రాయగడ జిల్లాలు రెండూ ఒకప్పటి జయపుర సంస్థానంలోనివి. సంస్థానపు మొదటి రాజధాని నందపురం. పదిహేడవ శతాబ్దంలో వీరవిక్రమదేవుని కాలంలో రాజధాని జయపురానికి మారింది. 1775లో కెప్టెన్ మాథ్యూస్ నాయకత్వాన ఈస్టిండియా కంపెనీ సేన జయపురం కోటను పట్టుకొని పడగొట్టింది. కనుక నేడు జయపురంలో రాజప్రాసాదంగా చూపే కట్టడాల్లో అధికభాగం ఆ తరువాతి కాలానివని భావించడం సమంజసం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు ఈ సీమ యావత్తూ మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. రాయగడ ప్రత్యేక జిల్లా అయినది 1992లో. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు విరాళమిచ్చిన విక్రమదేవవర్మ (1869-1951) ఇక్కడి రాజే. తెలుగు, ఒరియా, సంస్కృత భాషల్లో రచనలు చేసిన పండితుడు. ఆ విరాళాన్ని మన చరిత్ర గ్రంథాలు కృతజ్ఞతతో పేర్కొంటాయి గాని, దానమిచ్చిన రాజు ఊళ్ళోని గోడల స్థితి గురించి ఆరా తీసినవారు తక్కువ.

సున్నం గురించి మాట్లాడేటప్పుడు మాటల నుండే మొదలుపెట్టడం మన శాఖకు తగిన పని. సంస్కృతంలోని 'చూర్ణ' శబ్దం ప్రాకృతంలో 'చుణ్ణ' అయి, తెలుగులో సున్నమూ ఒరియాలో చూనమూ అయింది. జయపురం సంతలో తెలుగువాడూ ఒరియావాడూ తమలపాకుకు రాసుకొనే పదార్థానికి ఇద్దరూ చెప్పే పేరు మూలంలో ఒక్కటే. సంస్కృతంలో సున్నానికి మరో పేరు 'సుధ'. సుధ పూసిన కట్టడం సౌధం. నేడు మనం ఎత్తైన ప్రతి భవనాన్నీ సౌధమంటున్నాము. దాని వ్యుత్పత్తిలో ఎత్తు లేదు, పూత మాత్రమే ఉంది. 'గార', 'గచ్చు', 'డంగు', 'సుర్కీ' అనేవి తాపీ పనివారి మాటలు. సుర్కీ పారసీకం నుండి వచ్చింది, ఎరుపు అని అర్థం. ఇటుక పొడి రంగును బట్టి ఏర్పడిన పేరు. ఒక పనిలో ఇన్ని భాషలు కలిసినప్పుడు ఆ పని ఎన్ని చేతులు మారి వచ్చిందో వేరే రుజువు అక్కరలేదు.

ఇక సున్నం తయారీ. సున్నపురాతిని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు. శుద్ధమైన రాయి నూరు కిలోలు వేస్తే 44 కిలోల బొగ్గుపులుసు వాయువు పోయి 56 కిలోల కాల్చిన సున్నం మిగులుతుంది. దానిపై నీళ్ళు పోస్తే కుతకుతమని ఉడికి, విచ్చుకొని, తెల్లని ముద్ద అవుతుంది. సముద్రతీరంలో రాతికి బదులు గుల్లలను కాల్చేవారు. మద్రాసు సున్నానికి అద్దంవంటి నునుపు వచ్చినది ఆ గుల్ల సున్నంతోనే. ముద్దకు ఇసుక కలిపి గానుగ పట్టడం తరువాతి పని. వలయాకారంగా తవ్విన రాతి గాడిలో బరువైన రాతి చక్రాన్ని ఎడ్లు తిప్పుతుంటే, సున్నమూ ఇసుకా సుర్కీ కలిసి వెన్నలా మెదుగుతాయి. అదే డంగు సున్నం. చక్రం ఆడినంతసేపూ కూలి ఖర్చు పెరుగుతుంది కనుక పిసినారి యజమాని కట్టించిన గోడ ఏదో, ఉదారుడు కట్టించినది ఏదో నూరేళ్ళ తరువాత కూడా గుర్తుపట్టవచ్చు. సరిగా మెదగని సున్నం గోడలో తెల్లని బెడ్డలుగా కనిపిస్తుంది.

ఆ బెడ్డలన్నీ లోపాలే అనుకోవడం మాత్రం తొందరపాటు. రోమన్ కాంక్రీటులోని ఇలాంటి తెల్ల బెడ్డలను పరీక్షించిన అమెరికా శాస్త్రజ్ఞులు, గోడ బీట వారినప్పుడు నీరు వాటిని కరిగించి ఆ బీటలోనే మళ్ళీ పేరుస్తుందని 2023లో ప్రకటించారు. గుప్తేశ్వరంలో లింగం చేసే పనినే ఇక్కడ బెడ్డ చేస్తున్నదన్నమాట.

గోడలో సున్నం గట్టిపడటం అంటే గాలిలోని బొగ్గుపులుసు వాయువును మళ్ళీ పీల్చుకొని తిరిగి సున్నపురాయి కావడమే. ఇందుకు గాలీ కావాలి, కొద్దిపాటి తడీ కావాలి. రెండింటిలో ఏది లోపించినా పని ఆగిపోతుంది. మందమైన గోడ నడిమిలో దశాబ్దాలు గడిచినా మెత్తగానే ఉండే సున్నం ఇందువల్లనే. శుద్ధ సున్నానికి నీటిలో గట్టిపడే గుణం లేదు. ఆ గుణం తెచ్చేది సుర్కీ. తక్కువ మంటలో కాలిన ఇటుకను దంచితే దానిలోని మట్టి అంశాలు సున్నంతో కలిసి నీటికి తట్టుకొనే బంధాన్ని ఏర్పరుస్తాయి. ఎక్కువగా కాలి గాజులా మారిన ఇటుకకు ఈ శక్తి ఉండదు. కనుక సుర్కీకి కావలసినది మనం నాసిరకమని పక్కన పడవేసే ఇటుకే. ఇంగ్లండులో జాన్ స్మీటన్ 1750ల చివర ఎడ్డీస్టోన్ దీపస్తంభం కట్టే సందర్భంలో, మట్టి కలిసిన సున్నపురాయి నీటిలో గట్టిపడే సున్నాన్నిస్తుందని ప్రయోగాలతో గుర్తించాడు. ఇక్కడి మేస్త్రీలు ఆ ఫలితాన్నే మరో దారిలో, ఇటుక పొడితో సాధించారు.

కరక్కాయ, బెల్లం, మారేడు గుజ్జు, మినపపిండి, గుడ్డు తెల్లసొన మొదలైనవి కలిపేవారన్న మాట అందరూ విన్నదే. ఇవి కేవలం కట్టుకథలు కావు. వరాహమిహిరుని బృహత్సంహితలో వజ్రలేపం పేరిట వెలగ, మారేడు, తుమికి కాయలతోనూ, జిగురులతోనూ చేసే లేపం వర్ణించబడింది. విష్ణుధర్మోత్తరపురాణం చిత్రాలు వేసే గోడ పూతకు ఇటుక పొడి, గుగ్గిలం, మైనం, బెల్లం, మారేడు గుజ్జు చెబుతుంది. బెల్లం సున్నాన్ని మెత్తపరచి తక్కువ నీటితో పని జరిగేట్లు చేస్తుంది. పిండి పదార్థాలు పులిసి, గోడ లోపలే బొగ్గుపులుసు వాయువును విడుదల చేసి గట్టిపడటానికి తోడ్పడతాయి. చైనాలో పూర్వం సున్నంలో జిగురు బియ్యపు గంజి కలిపేవారు. జెజియాంగ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2010లో ఆ గంజిలోని పిండి పదార్థం సున్నపు స్ఫటికాలను చిన్నవిగా, దట్టంగా ఏర్పరుస్తుందని చూపారు. అయితే కరక్కాయ పేరు చెప్పి నాసి సున్నాన్ని అమ్మేవారు నేడు లేకపోలేదు. కరక్కాయ సంగతి తరువాత, ముందు సున్నం మెదిగిందా లేదా అని చూడాలి.

కొరాపుట్, రాయగడ కొండల రాతిని భూగర్భశాస్త్రంలో ఖొండలైట్ అంటారు. ఇక్కడి కోదు ప్రజల పేరు మీదుగా వాకర్ అనే భూవిజ్ఞాని 1902లో పెట్టిన పేరది. పూరీ, కోణార్క ఆలయాలు కట్టినది ఈ జాతి రాతితోనే. చెక్కడానికి అనువైన రాయి, కాని వాతావరణానికి సులువుగా లొంగుతుంది. తడి తగిలి దీనిలోని కొన్ని ఖనిజాలు మెత్తని సుద్దమట్టిగా మారిపోతాయి. దామంజోడి వద్ద పంచపత్మాలి కొండపై తవ్వుతున్న బాక్సైటు ఈ రాయి లక్షల ఏళ్ళపాటు వానలో నాని మారిన రూపమే. రాయి బలహీనమైనది, వాన ఏడాదికి సుమారు ఒకటిన్నర మీటరు. ఇటువంటి చోట గోడ నిలవాలంటే లోపలికి దిగిన తడి మళ్ళీ బయటికి పోయే మార్గం ఉండాలి.

సున్నం ఆ మార్గం. సున్నపు గార సన్నని రంధ్రాలతో కూడినది. గోడలోని తడి రాతి గుండా కాక రాళ్ళ సందుల్లోని సున్నం గుండా ఆవిరై పోతుంది. ఆ తడితో వచ్చే లవణాలు సున్నంలోనే పేరుకుంటాయి. ఏళ్ళు గడిచేకొద్దీ సున్నం పొడిపొడిగా రాలుతుంది, రాయి మిగులుతుంది. రాలిన సున్నాన్ని మళ్ళీ నింపితే గోడకు మరో తరం ఆయుష్షు. బలం మాట తీసుకొంటే సున్నపు గార చదరపు మిల్లీమీటరుకు ఒకటి రెండు న్యూటన్ల ఒత్తిడికి మించి ఆగదు. ఒకటికి మూడు పాళ్ళ సిమెంటు మిశ్రమం పది న్యూటన్లు, అంతకు పైన కూడా తట్టుకొంటుంది. ఈ అంకెలు చూసి సిమెంటే మేలని తీర్మానించినవారు ఇంజనీర్లలో కూడా చాలామంది. కాని గోడ నేలతోపాటు కొద్దిగా కుంగుతుంది, ఎండకు వ్యాకోచిస్తుంది, వానకు ఉబ్బుతుంది. ఆ కదలికను సందులోని మెత్తని గార తనలో ఇముడ్చుకొంటుంది. సందులో సిమెంటు ఉంటే కదలిక భారమంతా రాతి మీద పడుతుంది. తడి కూడా సిమెంటును దాటలేక రాతిలోకి మళ్ళుతుంది. పదేళ్ళ తరువాత సిమెంటు గీతలు మాత్రం ముందుకు పొడుచుకొని నిలిచి, వాటి మధ్య రాళ్ళు గుంటలు పడి కనిపించే గోడలు మీరు చూసే ఉంటారు. సిమెంటు తన వెంట తెచ్చే లవణాలు దీనికి అదనం.

జోసెఫ్ ఆస్పిడిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందినది 1824లో. మన దేశంలో మద్రాసులో 1904లోనే దాని తయారీకి ప్రయత్నం జరిగింది. ఘాట్ రోడ్ల మీద బండ్లు తప్ప దిక్కులేని ఈ కొండసీమకు అది ఆలస్యంగా చేరింది. విజయనగరం-రాయపూర్ రైలుమార్గం 1930ల ఆరంభంలో రాయగడ మీదుగా పూర్తయింది. మాచ్‌కుండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో పని ప్రారంభించింది. జయపురం మీదుగా కిరండూల్ మార్గం 1960లలో పడింది. ఆనకట్టలు, కర్మాగారాలు కట్టిన తరం మేస్త్రీలు కాంక్రీటు పనిలో ఆరితేరారు. వారి కొడుకులకు గానుగ తెలియదు. తప్పు వారిది కాదు. గానుగ తిప్పినవాడికి కూలి ఇచ్చే యజమాని లేకపోయాడు.

సున్నం పూత అన్నిచోట్లా రక్షకమే అని కూడా అనలేము. పూరీ జగన్నాథాలయానికి తరతరాలుగా వేసిన సున్నపు పూతల కింద శిల్పాలు కనుమరుగై, నావికులు దానిని తెల్ల గోపురమని పిలిచేంతవరకు వెళ్ళింది. పురావస్తు శాఖ 1970లలో ఆ పూతను తొలగించడం మొదలుపెట్టింది. 1990లో శిఖర భాగం నుండి పెద్ద రాయి జారిపడినప్పుడు, తుప్పు పట్టిన ఇనుప బందులూ చెడిన రాళ్ళూ పూత చాటున ఎంతకాలంగా దాగి ఉన్నాయో లోకానికి తెలిసింది. పూత తీయకూడదన్నవారి వాదం కూడా కొట్టిపారేయదగినది కాదు. సముద్రపు ఉప్పుగాలి ఖొండలైట్‌ను తినకుండా ఇన్ని శతాబ్దాలు అడ్డుకొన్నది ఆ పూతే కదా! నా మట్టుకు, శిల్పం చూడాలన్న కోరిక కంటె లోపలి రాతి స్థితి తెలుసుకోవాలన్న అవసరమే పూత తీయడానికి సరైన కారణమని తోస్తుంది.

హైదరాబాదు అనుభవం మనకు ఇంకా దగ్గరిది. 1591 నాటి చార్మినారు మీది సున్నపు అలంకరణలో కొంత భాగం 2019 మే నెలలో ఊడిపడింది. గోల్కొండ సమీపాన కుతుబ్‌షాహీ సమాధుల వద్ద ఆగాఖాన్ ట్రస్టు 2013లో చేపట్టి 2024 నాటికి ముగించిన పునరుద్ధరణలో, ఇరవయ్యో శతాబ్దపు మరమ్మతుల్లో వేసిన సిమెంటు పూతలను గోడల మీద నుండి ఒలిచివేసి తిరిగి సున్నం వేయవలసి వచ్చింది. వేసినవారిది సదుద్దేశమే. ఒకసారి వేయడానికీ, దానిని ఒలవడానికీ, మళ్ళీ సున్నం వేయడానికీ ముమ్మారు ఖర్చు. జయపురం, నందపురం వంటి చోట్ల ఆ ముమ్మారు ఖర్చు భరించే దాత దొరకడు. కనుక అక్కడ మొదటి మరమ్మతే సరైనది కావాలి.

ఇక్కడ గుణుపురం ఏజెన్సీలోని సవరల ఇళ్ళ ప్రస్తావన తేవడం అప్రస్తుతం కాదు. రాళ్ళూ మట్టీతో కట్టిన గోడకు ఎర్రమట్టి పూసి, దానిపై బియ్యపు పిండితో ఇడితాల్ చిత్రాలు వేస్తారు. వెరియర్ ఎల్విన్ 1951లో ప్రచురించిన మధ్యభారత గిరిజన కళల గ్రంథంలో వీటికి పెద్ద స్థానమే ఇచ్చాడు. చూసేవారి దృష్టి బొమ్మ మీద నిలుస్తుంది. నేను చెప్పదలచినది బొమ్మ కింది పూత గురించి. అది శాశ్వతమని ఎవరూ అనుకోరు. వాన తిన్న పూతను మళ్ళీ పూస్తారు. ఆ పని ఇంటి పనుల్లో ఒకటి. రాజుగారి సున్నపు గోడ కూడా ఈ లెక్కనే నిలిచింది. వెల్ల వేయించడం దసరా ఖర్చుల్లో ఒకటిగా ఉన్నంతకాలం గోడకు ముప్పు లేదు. సంస్థానాలు పోయాక వెల్ల ఆగింది. ఆగిన ముప్ఫై నలభై ఏళ్ళకు గోడ మీద రావి మొలిచింది. ఆ తరువాత ఎవరో సిమెంటు బస్తాతో వచ్చారు.

మరమ్మతు చేయబోయేవారు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. పాత గారను ముందు పరీక్షించాలి. ఊడిపడిన ముక్కను నిమ్మరసంలో వేస్తే బుసబుస పొంగుతుంది, కాని ఈ పరీక్షతో అది సున్నమని మాత్రమే తెలుస్తుంది, పాళ్ళు తెలియవు. ప్రయోగశాలలో ఆమ్లంతో సున్నాన్ని కరిగించి, మిగిలిన ఇసుకనూ ఇటుక పొడినీ జల్లెడ పట్టి తూచితే పాత మేస్త్రీ కలిపిన పాళ్ళు ఇంచుమించు తెలుస్తాయి. ఆ ఇసుక ఏ వాగుదో కూడా పోల్చుకోవచ్చు. కొత్త గార పాత గార కంటె బలంగా ఉండరాదు. సందులో చెడిన గారను చేత్తో, చిన్న ఉలితో తీయాలి. యంత్రపు రంపంతో కోస్తే రాతి అంచులు పోతాయి. సందు వెడల్పుకు రెండింతల లోతు వరకైనా ఖాళీ చేసి, గోడను తడిపి, అప్పుడు నింపాలి. నింపిన తరువాత తడి గోనెలు కప్పి ఎండ తగలకుండా కొన్ని వారాలు కాపాడాలి. ఇక్కడ కాలమే యజమాని. జూన్ నుండి అక్టోబరు వరకు ఈ కొండల్లో వాన వదలదు, తడిసి ముద్దైన గోడలోకి గాలి చొరదు. కార్తీకం నుండి శివరాత్రి లోపల ముగించగలిగినంత పనే ఆ ఏటికి పెట్టుకోవాలి. మన ప్రభుత్వ కార్యాలయాల్లో నిధులు మార్చి నెలాఖరున విడుదలై, పని ఎండల్లో మొదలై, మొదటి వానకు ముగుస్తుంది. సున్నానికి అంతకంటె చెడ్డ ముహూర్తం లేదు. సిమెంటు వాడకానికి ఈ పద్దుల క్యాలెండరు కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

రావి, మర్రి మొక్కల విషయం కూడా చెప్పాలి. మొక్కను పీకితే వేరు గోడలోనే మిగిలి మళ్ళీ చిగురిస్తుంది, బలంగా లాగితే రాళ్ళు కదులుతాయి. కాండాన్ని కోసి, వేరును చంపి, అది ఎండి కుంచించుకొన్నాక ఏర్పడిన ఖాళీలో పలుచని సున్నపు జావ పోయాలి. వేరు మీదనే సిమెంటు మెత్తితే లోపల కుళ్ళు, పైన నునుపు. ఈ ముందుజాగ్రత్తలన్నీ తెలిసిన మేస్త్రీని వెతికి తెచ్చుకోవడమే కష్టం. ఇంటాక్ సంస్థ 2004లో ప్రకటించిన నియమావళి స్థానిక స్థపతుల, మేస్త్రీల పరిజ్ఞానాన్ని కూడా పరిరక్షించవలసిన వారసత్వంగా గుర్తించింది. ఇది 1964 నాటి వెనిస్ ప్రకటన కంటె మన పరిస్థితికి దగ్గరగా ఉన్న మాట.

ఆ పరిజ్ఞానం మాటల్లో ఉంది కనుక తెలుగు విద్యార్థులకు ఇక్కడ చేయవలసిన పని ఉంది. పూర్వపు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962 నుండి వెలువరించిన మాండలిక వృత్తిపదకోశాల్లో బూదరాజు రాధాకృష్ణ గారు కూర్చిన సంపుటం ఇంటి కట్టుబడి పదాలకు సంబంధించినది. అది ఆంధ్రప్రదేశ్ జిల్లాలను ఉద్దేశించిన ప్రణాళిక. 1936లో గీసిన గీత వల్ల జయపురం, రాయగడ, గుణుపురం దాని ఎల్లకు అవతల ఉండిపోయాయి. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండి, సవరల మధ్య తిరిగి, వారి భాషకు 1931లో వ్యాకరణ గ్రంథాన్నీ 1938లో నిఘంటువునూ సమకూర్చారు. జయపురంలో తెలుగు, ఒరియా, దేశియా మూడూ మాట్లాడే తాపీ పనివారి మధ్య అలా కూర్చొని, సున్నం ముద్ద మెదిగే ఒక్కొక్క దశకు వారు చెప్పే మాటను, ఆ మాటతోపాటు చేతి కదలికను రాసుకొనేవారు కావాలి. గానుగ గాడి రాయి ఎక్కడైనా దొరికితే దాని వ్యాసం, లోతు, చక్రం మందం కొలిచి ఉంచండి. పశువులకు కుడితి తొట్టిగానో, ఇంటి ముందు కూర్చొనే అరుగుగానో వాడుతూ ఉంటారు గనుక, గాడిదని చెబితేనే తప్ప ఇంటివారికి తెలియకపోవచ్చు.